సెలక్షన్లు లేని ఆట

కాలేజీ వాలీబాల్ జట్టుకి పన్నెండు మంది చాలు. కబడ్డీకీ అంతే. క్రికెట్‌కైతే మరో ముగ్గురో నలుగురో ఎక్కువ. కాలేజీలో వెయ్యి మంది చదువుతున్నా సరే, నన్నయ యూనివర్సిటీ అంతర్ కళాశాలల పోటీలు పెట్టినప్పుడు బస్సెక్కేది ఆ కొద్దిమందే. వాళ్లకి ట్రాక్‌సూట్లు, నోటీసు బోర్డు మీద పేర్లు, వార్షికోత్సవం నాడు చప్పట్లు. మరి మిగతావాళ్లు? ‘సెలక్ట్ కాలేదురా’ అన్న ఒక్క ముక్కతో వాళ్ల ఆట సరి. ఆ తర్వాత క్రికెట్‌ని టీవీలో చూస్తారు. కబడ్డీని సెల్‌ఫోన్లో ఆడతారు.

పోనీ వేసవి సెలవుల్లోనైనా వీళ్ల సంగతి ఎవరైనా పట్టించుకుంటారా అంటే అదీ తక్కువే. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ శాప్ ఏటా మే నెలలో నడిపే శిక్షణ శిబిరాలు ప్రధానంగా బడిపిల్లల కోసం. రేపటి ఛాంపియన్లని ఏరుకోవాలంటే చిన్నవయసులోనే ఏరుకోవాలి, అందులో తప్పేం లేదు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ చిన్ననాడే రాకెట్ పట్టాడు కాబట్టే 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ బంగారు పతకం గెలిచాడు. అతని నాన్నగారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. కానీ ఇంటికో సాత్విక్ పుట్టడు కదా! పద్దెనిమిదేళ్లు నిండి, బీకాం రెండో ఏడాదిలో ఉండి, సర్వీసు చేస్తే బంతి నెట్టు దాటని కుర్రాడు ఎక్కడికెళ్లి ఆడుకోవాలి? మండపేటలాంటి ఊళ్లో ఏ కాలేజీ పీడీ గారైనా వేసవి ఆటలు పెట్టాలనుకుంటే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే.

ఈ మిగతావాళ్ల గురించి అమెరికా విశ్వవిద్యాలయాలు నూరేళ్ల కిందటే ఆలోచించాయి. కాలేజీ జట్టులో చోటు దొరకని విద్యార్థుల ఆటల కోసం 1913లోనే మిచిగన్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాలు ప్రత్యేక విభాగాలు పెట్టాయి. ‘ఇంట్రామ్యూరల్’ అని దానికి పేరు. లాటిన్‌లో గోడల లోపల అని అర్థం. పక్క కాలేజీ మీద గెలవక్కర్లేదు, మనలో మనం ఆడుకుందాం అన్నమాట. మిచిగన్‌లో ఎల్మర్ మిచెల్ అనే ఆయన ఈ పని మీదే ఏళ్ల తరబడి కూర్చున్నాడు. 1928కల్లా అక్కడ ఇందుకోసమే ఓ పెద్ద భవనం లేచింది. 1950లో న్యూ ఆర్లీన్స్‌లోని డిల్లార్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతివారి కాలేజీల ఆటల నిర్వాహకులు సమావేశమై జాతీయ సంఘం పెట్టుకున్నారు. వాళ్లని పిలిచి కూర్చోబెట్టిన విలియం వాసన్ కూడా అలాంటి కాలేజీ అధ్యాపకుడే. పెద్ద స్టేడియాల దరిదాపులకి కూడా రానివ్వని రోజుల్లో వాళ్లు పిల్లలందరి ఆట గురించి ఆలోచించారు!

మన జిల్లాల నుంచి ఎంఎస్‌కి వెళ్లిన పిల్లలు ఇప్పుడు ఆ రిక్రియేషన్ సెంటర్ల ఫొటోలు ఇంటికి పంపుతుంటారు. అద్దాల గోడలు, ఏసీ హాళ్లు, మెరిసే చెక్క నేల. అవి చూసి ‘మనకెక్కడ కుదురుతుందండీ’ అని నిట్టూర్చడం తేలిక. నిజానికి గోడల్లేకపోవడమే మండపేట అదృష్టం.

ఎలాగంటే, ఈ ఊరి చుట్టూ ఆటస్థలాల క్యాలెండరు తయారయ్యేది ప్రిన్సిపాల్ గదిలో కాదు, ఇరిగేషన్ ఆఫీసులో. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచీ డెల్టాలో బతుకంతా కాలువ నీటితో ముడిపడింది. దాళ్వా వరి గట్టెక్కాక, సాధారణంగా ఏప్రిల్ నడిమికల్లా, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లోనే. కోతలైపోయి, మూడో పంటగా మినుమో పెసరో చల్లని చేలన్నీ ఆ నెలా నెలన్నరా ఖాళీ. కాలేజీలకి సెలవులొచ్చేదీ ఇంచుమించు అప్పుడే. 2025లో ఇంటర్ బోర్డు రెండో ఏడాది తరగతుల్ని ఏప్రిల్‌లోనే మొదలుపెట్టి, ఆ నెల చివరి వారంలో సెలవులిచ్చింది. డిగ్రీ పిల్లలకి సెమిస్టర్ పరీక్షల గొడవ. అన్నీ చూసుకుంటే మే నెలలో మూడు వారాలు చేతికొస్తాయి. అంతకంటే ఎక్కువ ఆశపడితే హాజరు పట్టీ వెక్కిరిస్తుంది.

చేను ఖాళీగా ఉంది కదా అని పొద్దున్నే వెళ్లి స్తంభాలు పాతేస్తే మాత్రం సాయంత్రానికి ఇద్దరు కుంటుకుంటూ ఇంటికెళతారు. డెల్టా నేల బంకమట్టి. నీళ్లు తీసేస్తే ఎండకి నెర్రెలు విచ్చుతుంది. పైగా కోసిన వరి మోళ్లు మేకుల్లా నిలబడి ఉంటాయి. అసలైన కోర్టు కళ్లమే. నూర్పుళ్ల కోసం చదును చేసి, నీళ్లు చల్లి, అలికి, తొక్కించిన నేల అది. పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు ఉంటే వాలీబాల్‌కి సరిపోయె. కాకపోతే వరికోత యంత్రాలొచ్చాక కళ్లాలే తగ్గిపోయాయి. ధాన్యం ఇప్పుడు రోడ్డు మీదా, లేఅవుట్ల సిమెంటు బాటల మీదా, చెప్పొద్దూ, బడి మైదానాల్లోనూ ఆరుతుంది. రైస్‌మిల్లుల ఊరు కదా! ఆరబోసిన ధాన్యం మీదికి బంతి వెళ్లిందంటే ఆ రైతు నోటికి ఏ రిఫరీ విజిలూ అడ్డుపడదు. అందుకని ముందే వెళ్లి, ‘బాబాయ్, ధాన్యం ఎప్పుడు ఎత్తేస్తారు’ అని అడిగి, ఆ తర్వాతి రోజు నుంచే ఆట రాసుకునే పీడీ గారు తెలివైనవారు. చేనైతే చేసిన వాడిని అడగాలి. కౌలు రైతుకి చెప్పకుండా ఆసామి దగ్గర మాత్రమే అనుమతి తెచ్చుకుంటే సగం పని చేసినట్టే. తర్వాత మోళ్లు గీకించి, నెర్రెల్లో మట్టి నింపి, రెండు ట్యాంకర్ల నీళ్లు చల్లి, రోలరు తిప్పించాలి. కబడ్డీ కోర్టులో మట్టి గుల్లచేసి రంపపుపొట్టు కలిపితే మోకాళ్లు దోక్కుపోవు.

ఇన్ని ఆటల్లో వాలీబాలే ఎందుకంటారా? అది పుట్టిందే ఇలాంటివాళ్ల కోసం. 1895లో అమెరికాలోని హోలియోక్ వైఎంసీఏలో విలియం మోర్గాన్ ఆ ఆట కనిపెట్టింది, బాస్కెట్‌బాల్ ఆడితే రొప్పే నడివయసు వ్యాపారుల కోసమట! 1920లో హ్యారీ బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాక అక్కడ చదువుకున్న డ్రిల్లు మాస్టార్లు ఊరూరా నెట్లు కట్టించారు. ఒక నెట్టు, ఒక బంతి ఉంటే పన్నెండు మంది ఒకేసారి ఆడొచ్చు. బాల్ బ్యాడ్మింటన్ కూడా అంతే చవక. పసుపుపచ్చ ఊలు బంతితో ఐదుగురేసి ఆడే ఆ ఆటలో మన జమ్మలమడక పిచ్చయ్య గారు 1970లో అర్జున అవార్డు అందుకున్నారు. ఇప్పటి కాలేజీ కుర్రాళ్లలో ఎంతమంది ఆ బంతిని చేత్తో పట్టుకుని ఉంటారో!

స్థలం దొరికాక రెండో పేచీ సూర్యుడితో. మే నెలలో ఇక్కడ ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది. ఎనిమిది దాటితే నెత్తి మాడుతుంది. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకి మూడు వేల మందికి పైగా చనిపోయారు. 2015లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఆ సంఖ్య వెయ్యి దాటింది. వేసవి ఆటలు నడిపేవాళ్లు ఈ రెండేళ్లని మర్చిపోకూడదు. పైగా డెల్టాలో ఉక్క. చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఏసీ గదిలో పరీక్షలకి చదివి వచ్చిన కుర్రాడి ఒంటికి ఎండ అలవాటు కావాలంటే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. కనుక మొదటి మూడు రోజులూ అరగంట ఆటే. ‘ఇంకో గేమ్ మాస్టారూ’ అని ఎంత బతిమాలినా సరే, బంతి సంచిలో పెట్టేయాలి. ఐదున్నరకి మొదలు, ఏడున్నరకి ఆఖరి విజిలు. ఉదయం ఖాళీ కడుపుతో రాకూడదు. వెనకటికి ఇళ్లలో చద్దన్నం, తరవాణి ఉండేవి. అవి తిని వచ్చినవాడు తూలిపడడు. ఇప్పుడు మజ్జిగ కుండ, దాని పక్కన ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తప్పనిసరి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. కొలత తప్పితే మేలు కంటే కీడే ఎక్కువ. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తడబడుతున్నా నీడకి చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ మాట నెట్టు స్తంభానికి కాగితం మీద రాసి కట్టినా తప్పులేదు.

ఇక అసలు ప్లానింగ్ అంతా లెక్కల్లోనే ఉంది. ఎనిమిది జట్లున్నాయనుకోండి. నాకౌట్ పెడితే ఏడు మ్యాచ్‌లతో టోర్నమెంటు అయిపోతుంది. పీడీ గారికి సుఖమే. కానీ మొదటి పొద్దుటే నాలుగు జట్లు ఇంటికి! సెలక్షన్లలో ఓడినవాణ్ని మళ్లీ పిలిచి మళ్లీ ఓడించి పంపినట్టు. అదే లీగ్ అయితే ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడాలి, మొత్తం ఇరవై ఎనిమిది మ్యాచ్‌లు. రెండు కోర్టులుంటే, కోర్టుకి రెండేసి మ్యాచ్‌ల చొప్పున పొద్దుటికి నాలుగు. అంటే ప్రతి జట్టుకీ రోజూ ఒక ఆట, ఏడు రోజుల్లో లీగ్ పూర్తి. ఎనిమిదో రోజున జట్లన్నీ విడగొట్టి మళ్లీ కొత్తగా కూర్చాలి. మూడు వారాల్లో మూడు లీగ్‌లు. మొదటివారం అట్టడుగున ఉన్నవాడు రెండోవారం పైజట్టులో తేలొచ్చు. జట్టుకి ఎనిమిది మంది, ప్రతి ఒక్కరూ కనీసం ఒక గేమ్ కోర్టులో ఉండి తీరాలి, అదొక్కటే రూలు. స్కోరు పుస్తకం కంటే హాజరు పుస్తకం ముఖ్యం. నాలుగో రోజు రాని పిల్లాడి ఇంటికి ఐదో రోజు ఫోన్ వెళ్లాలి.

జట్లు కూర్చడంలోనే ఒక మెలిక ఉంది. ‘మీరే జట్లు కట్టుకోండ్రా’ అని వదిలేస్తే ఐదు నిమిషాల్లో కట్టుకుంటారు. వీధుల వారీగా! ఈ జిల్లాల్లో వీధి అంటే ఏమిటో, పేట అంటే ఏమిటో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ పద్ధతిన ఆడిన ఆటలో పాయింటు గొడవ వస్తే అది పాయింటు దగ్గర ఆగదు. అందుకే చీటీలు. అరవై నాలుగు పేర్లు ఓ స్టీలు గిన్నెలో వేసి అందరి ముందూ తీయాలి. మొదటి రెండు రోజులూ మొహాలు ముడుచుకుంటారు. ఆరో రోజుకి ఒకడు ఎత్తిన బంతిని ఇంకొకడు కొట్టక తప్పదు. వారం తిరిగేసరికి ఒకడి బండి మీద ఇంకొకడు ఇంటికి వెళుతుంటాడు. చీటీ తీసిన మాస్టారిని తిట్టే పెద్దలు ఉండొచ్చు. తిట్టనివ్వాలి.

దాతల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. మన దగ్గర ఆట అనగానే జ్ఞాపకార్థం కప్పు, వేల రూపాయల నగదు బహుమతి, దానికి రెండింతలు పెద్ద ఫ్లెక్సీ. ఇచ్చే మనసు గొప్పదే, గోదావరి వాళ్ల చెయ్యి పెద్దది. కానీ డబ్బు పెట్టగానే పక్క జిల్లా నుంచి అద్దె ఆటగాళ్లు దిగిపోతారు. గట్టు మీద పందేలు మొదలవుతాయి. సర్వీసు నెట్టు దాటని మన బీకాం కుర్రాడు మళ్లీ గట్టు మీదకే. దాతని ‘బహుమతి వద్దండీ, మజ్జిగ పోయించండి, రెండు బంతులు కొనివ్వండి, రోలరు ఇప్పించండి’ అని అడగడమే మంచిది. ఫ్లెక్సీ లేకపోతే కొందరు తగ్గుతారు. ముంజలు తెచ్చి పెట్టేవాళ్లు మాత్రం తగ్గరు.

అన్నిటికంటే కష్టమైన ఖాళీ ఒకటుంది. అరవై నాలుగు పేర్లలో ఆడపిల్లలవి ఎన్ని? కాలేజీలో సగం మంది వాళ్లే అయినా గ్రౌండు దగ్గరకొచ్చేసరికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ‘ఆడపిల్లలకి ఇంట్రెస్ట్ ఉండదండీ’ అనేది తేలిగ్గా దొరికే జవాబు. అడిగి చూస్తే అసలు జవాబులు వేరే. తెల్లవారుజామున చీకట్లో ఎవరు దింపాలి? గ్రౌండు దగ్గర బాత్‌రూమ్ ఉందా? గట్టు మీద కూర్చుని ఫోన్లలో వీడియోలు తీసే వాళ్లనెవరు లేపుతారు? ‘పంపుతాం మాస్టారూ, కానీ ఏడింటికల్లా ఇంటికొచ్చేయాలి, పెళ్లివారొచ్చే రోజుల్లో నల్లబడిపోతే ఎలాగండీ’ అనే అమ్మలుంటారు. వీటిలో కొన్నింటికి పీడీ గారి దగ్గర మందు లేదు. కొన్నింటికి ఉంది. ఆడపిల్లల కోర్టు కాలేజీ ఆవరణలోనే, తాళం తీసి ఉన్న బాత్‌రూమ్ పక్కన. నెట్టు ఎత్తు 2.24 మీటర్లకి దించాలి, మగపిల్లల 2.43 దగ్గర వదిలేసి ‘ఆడటం రాదు’ అనకూడదు. ఓడల డెక్కుల మీద మొదలైన టెన్నికాయిట్‌కి ఓ తాడూ, ఓ రబ్బరు రింగూ చాలు, అది వచ్చిన అమ్మాయి త్రోబాల్‌కి జంకదు. పొద్దుటి నడకకి వెళ్లే అమ్మల్ని ఆవరణలోనే నడవమంటే రెండు పనులూ అయిపోతాయి. నాలుగు రోజులు చూశాక వాళ్లలో ఒకావిడ చీర కొంగు దోపుకుని ‘ఏదీ, ఆ రింగు ఇటివ్వు’ అనకపోతుందా!

ఇంతవరకూ పొద్దుటి ఆట. సాయంత్రాల మాటేమిటి? నాలుగింటికి ఎండ తగ్గుముఖం పడుతుంది, ఇంట్లో కరెంటు పోతుంది, కుర్రాళ్లు బళ్లు తీస్తారు. ఎటు? ఈ ప్రాంతంలో ఈత కాలువల్లోనే నేర్చుకునేవారు. నడుముకి ఎండు కొబ్బరికాయలు కట్టుకుని, లాకుల దగ్గర మావయ్యో బాబాయో దింపితే వచ్చేసేది. మే నెలలో ఆ కాలువల్లో నీళ్లుండవు. ఉన్నది గోదావరే. కపిలేశ్వరపురం వైపో, కోటిపల్లి వైపో, లంకల్లోకో బళ్లు వెళ్లిపోతాయి. వేసవిలో గోదావరి చూడ్డానికి మోకాలి లోతు. అడుగు పక్కకి వేస్తే ఇసుక జారిన గోతులు. 2025 మే 26న ముమ్మిడివరం మండలం కమిని లంక దగ్గర స్నానానికి దిగిన ఎనిమిది మంది యువకులు గోదావరిలో మునిగిపోయారు. దగ్గర్లో ఒక శుభకార్యానికి వచ్చినవాళ్లు. ఒకరి కోసం ఒకరు వెళ్లి మునగడం నదుల దగ్గర తరచూ వినే కథ.

వాలీబాల్ నెట్టు గోదావరికి అడ్డుకట్ట వేస్తుందని ఎవరూ అనరు. కానీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా వెళ్లాల్సిన చోటు ఒకటుందంటే కొన్ని బళ్లయినా ఇటు తిరుగుతాయి. అందుకే రెండు పూటలా నడపలేని పీడీ గారికి ఒక్క పూట మాత్రమే చేతనైతే, అది సాయంత్రం కావడమే నయమేమో! ఎండ దృష్ట్యా పొద్దుటిదే మేలు, నది దృష్ట్యా సాయంత్రమే మేలు. ఈ రెంటి మధ్యా ఎవరికి వారే తేల్చుకోవాలి. ఒక మధ్యేమార్గం ఉంది. లీగ్ మ్యాచ్‌లు పొద్దున. సాయంత్రం స్కోరు లేని ఆట, వచ్చినవాళ్లు వచ్చినట్టు. దానికి మాస్టారు ఉండక్కర్లేదు, ఇద్దరు ఫైనలియర్ కుర్రాళ్లకి బంతుల సంచీ, తాళం చెవీ అప్పగిస్తే చాలు. తాళం చెవి చేతికిస్తే కుర్రాళ్లు చాలా మారతారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఈత వచ్చిన పెద్దాయన్ని పిలిపించి, మునుగుతున్నవాడి దగ్గరకి మనం దూకకూడదనీ, తాడో, కర్రో, టైరు ట్యూబో, చివరికి కట్టుకున్న లుంగీయో విసరాలనీ చేసి చూపించాలి. గంట పని. ఆట విరామంలో చెబితే వింటారు, క్లాసురూములో చెబితే వినరు.

మూడోవారం గడిచేసరికి అరవై నాలుగులో యాభై మంది మిగిలితే ఆ వేసవి బాగా నడిచినట్టే. కొందరు ఎంట్రన్సులకి వెళతారు, ఇద్దరు ముగ్గురు హైదరాబాదు కోచింగుకి, ఒకరిద్దరు వీసా ఇంటర్వ్యూకి. చివరి రోజున కప్పు ఉండదు. అందరి పేర్లూ, ఎవరెన్ని రోజులు వచ్చారో రాసిన ఒక చార్టు ఉంటుంది. దాని ముందు నిలబడి వేలు పెట్టి తమ గీతలు లెక్కపెట్టుకుంటారు. ఇరవై ఒక్క రోజులూ వచ్చినవాడు సర్వీసు ఇంకా నెట్టుకే కొడుతుండొచ్చు.

జూన్ మొదటివారంలో ధవళేశ్వరం దగ్గర గేట్లెత్తుతారు. నాలుగు రోజుల్లో నీళ్లు బోదెల దాకా వచ్చేస్తాయి. కౌలు రైతు పార భుజాన వేసుకుని కోర్టు గట్టు మీద నిలబడి, ‘మాస్టారూ, నారుమడి కట్టాలండీ, ఇంక స్తంభాలు పీకించెయ్యండి’ అంటాడు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి స్తంభాలు ఊపి పైకి లాగుతారు. నెట్టు ఎక్కడ చిరిగిందో చూసి, మడతపెట్టి, వచ్చే ఏడాదికి ఏం కొనాలో అట్ట ముక్క మీద రాసి అందులోనే పెడతారు.